చెరువు శిఖంలో 268 మీటర్ల గుంత: ఆటోలిస్ప్ లిస్టులో వరుస నంబరుతో వెతికితే వచ్చిన చిక్కు

వరంగల్ జిల్లాలో ఒక చెరువు పూడికతీతకు గీసిన క్రాస్ సెక్షన్లలో (నేలను అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మల్లో) ఒకదాని మధ్యలో నిట్టనిలువుగా గుంత పడింది. చుట్టుపక్కల నేల మట్టం 268 మీటర్ల దగ్గర ఉంటే, ఆ ఒక్క పాయింటు సున్నా దగ్గర కూర్చుంది. డ్రాయింగ్ ప్రకారం చూస్తే శిఖంలో (చెరువు లోపలి నేలలో) సముద్ర మట్టం దాకా దిగిన బావి ఉన్నట్టు. డ్రాయింగ్ వేసిన సర్వే ఆఫీసు కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, ఒక్క దగ్గర గుంత పడ్డది. అక్కడ బావి గిట్ల ఉన్నదా అని సర్వేకు పోయిన పిల్లగాన్ని అడిగిన, ఏం లేదన్నడు. రొటీన్‌ల ఏమన్న తేడా ఉన్నదా సూడు" అన్నాడు.

ఆ రొటీన్ (సర్వే ఫైల్ చదివి సెక్షన్లు గీసే చిన్న ప్రోగ్రామ్) ఆటోలిస్ప్‌లో, అంటే ఆటోక్యాడ్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ లోపల నడిచే లిస్ప్ భాషలో రాసింది. ఎవరు రాశారో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్‌లో ప్రయాణం చేస్తూ వచ్చింది. హనుమకొండలో డ్రాఫ్టింగ్ చేసేవాళ్ల దగ్గర ఇలాంటివి చాలానే ఉంటాయి. పని చేస్తున్నంత కాలం ఎవరూ తెరిచి చూడరు. 2015లో చెరువుల పునరుద్ధరణకు మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి చెరువుల ఎల్-సెక్షన్లు (పొడవునా కోసి చూపే బొమ్మలు), క్రాస్ సెక్షన్లు గీసే పని పెరిగింది, దాంతో ఈ రొటీన్లకూ గిరాకీ పెరిగింది. చేతితో గీస్తే రోజంతా పట్టే పనిని ఇవి నిమిషాల్లో చేస్తాయి కదా.

ఒక మాట. కింద కోడ్‌ను మనం పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఆటోలిస్ప్ పదాలను ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ఫైల్ ఎలా ఉంది

టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే సర్వే పరికరం) నుంచి వచ్చే ఫైల్‌లో ఒక్కో లైను ఒక్కో పాయింటు. కామాల మధ్య ఐదు గడులు: పాయింట్ నంబర్, నార్తింగ్ (ఉత్తరం వైపు దూరం), ఈస్టింగ్ (తూర్పు వైపు దూరం), లెవెల్ (ఎత్తు), కోడ్. కోడ్ అంటే ఆ పాయింటు కట్ట మీదిదా, తూము దగ్గరిదా, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే గట్టు) మీదిదా, శిఖంలోదా అని చెప్పే చిన్న పదం. సర్వే భాషలో ఈ వరుసను పీఎన్‌ఈజెడ్‌డీ అంటారు. నార్తింగ్, ఈస్టింగ్ తారుమారైతే అది పీఈఎన్‌జెడ్‌డీ. రెండూ మార్కెట్లో ఉన్నాయి, ఏది పంపాలన్నది ఎక్స్‌పోర్ట్ చేసేవాడి చేతిలో ఉంటుంది.

రొటీన్ ఒక్కో లైనును కామాల దగ్గర తెంపి లిస్టు చేస్తుంది. ఆ లిస్టులన్నీ కలిపి ఇంకో పెద్ద లిస్టు. తర్వాత అసలు పని ఇలా ఉంది:

(సెట్‌క్యూ ఐ 0)
(వైల్ (< ఐ (లెంగ్త్ పాయింట్లు))
  (సెట్‌క్యూ వరుస (ఎన్త్ ఐ పాయింట్లు))
  (సెట్‌క్యూ లెవెల్ (ఏటాఫ్ (ఎన్త్ 3 వరుస)))
  (సెట్‌క్యూ ఫలితం (అపెండ్ ఫలితం (లిస్ట్ లెవెల్)))
  (సెట్‌క్యూ ఐ (1+ ఐ)))

సీ గానీ బేసిక్ గానీ నేర్చుకుని లిస్ప్‌కు వచ్చినవాళ్లు రాసే పద్ధతి ఇది. సెట్‌క్యూ ఒక పేరుకు విలువ ఇస్తుంది, వైల్ షరతు నిజమైనంత సేపూ తిరుగుతుంది. చదివితే తప్పేమీ కనబడదు. ఇందులో ఎన్త్ (లిస్టులో ఎన్నో అంశం కావాలో చెబితే తీసిచ్చే ఫంక్షన్) రెండుసార్లు వచ్చింది. ఆ రెండింటి పని ఒకటి కాదు, రెండింటి జబ్బులూ వేరు. ఈ కేసంతా ఆ రెండు ఎన్త్‌ల చుట్టూ తిరుగుతుంది.

ఎన్త్ అసలు ఏం చేస్తుంది

(ఎన్త్ 3 వరుస) అంటే లిస్టులో నాలుగో అంశం. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది తికమక పెడుతుంది గానీ సర్వే వాళ్లకు పెట్టకూడదు. కట్ట మీద మొదటి మేకు చైనేజ్ (మొదటి నుంచి కొలిచిన దూరం) 0 దగ్గర కొడతాం, 30 మీటర్లకు ఒకటి చొప్పున పోతే చైనేజ్ 90 దగ్గరిది నాలుగో మేకు. మొదటి దాని నుంచి మూడు గొలుసులు నడిచాం కాబట్టి అది 3. ఎన్త్‌కు ఇచ్చే నంబరు కూడా అదే: మొదటి నుంచి ఎన్ని అడుగులు వేయాలి అని.

'అడుగులు' అన్నది ఇక్కడ అసలు విషయం. లిస్ప్ లిస్టు అంటే మెమరీలో పక్కపక్కన వరుసగా పేర్చిన గడులు కావు. ఒక్కో గడిలో రెండు సంగతులు ఉంటాయి: ఒకటి అంశం, రెండోది తర్వాతి గడి ఎక్కడుందో చెప్పే ఆచూకీ. మన గొలుసుకట్టు చెరువుల్లాగే. పై చెరువు మత్తడి దుంకితే నీళ్లు కింది చెరువులోకి పోతాయి. పై చెరువుకు తన కిందిది తెలుసు, ఆ కిందిదానికి దాని తర్వాతిది తెలుసు. నాలుగో చెరువుకు నీళ్లు నేరుగా చేరవు, పై మూడూ దాటే రావాలి. ఎన్త్‌కు కూడా అంతే. పన్నెండు వేలో అంశం అడిగితే, దాని ముందున్నవన్నీ ఒక్కొక్కటిగా దాటుకుంటూ పోతుంది. అడిగింది దొరికాక ఆ దారిని గుర్తు పెట్టుకోదు. తర్వాతిది అడిగితే మళ్లీ మొదటి చెరువు నుంచే బయల్దేరుతుంది.

ఈ గడి నిర్మాణం లిస్ప్ పుట్టినప్పటిది. 1958లో ఎంఐటీలో జాన్ మెకార్తీ ఈ భాష మొదలుపెట్టినప్పుడు ఐబీఎం 704 మెషీన్ మీద పని చేశారు. దాని 36 బిట్ల వర్డ్‌లో అడ్రస్ భాగమని, డిక్రిమెంట్ భాగమని 15 బిట్ల చొప్పున రెండు ముక్కలుండేవి. ఒకదానిలో అంశం ఆచూకీ, రెండోదానిలో మిగతా లిస్టు ఆచూకీ పెట్టారు. కార్, కుడర్ అన్న పేర్లు ఆ రెండు ముక్కల పేర్ల పొడి అక్షరాలే. ఆ మెషీన్ ఎప్పుడో పోయింది, పేర్లు మిగిలాయి. ఈరోజు ఆటోక్యాడ్‌లో ఒక పాయింటు ఎక్స్ కోసం కార్ అంటాం, వై కోసం కాడర్ అంటాం, జెడ్ కోసం కాడిడర్ అంటాం. ఆటోలిస్ప్‌లో ఇలా ఏ, డీ అక్షరాలను నాలుగు దాకా కలపవచ్చు, ఆపైన కుదరదు.

మూడు అంకెల పాయింటుకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. ఎక్స్, వై, జెడ్ ఎప్పుడూ ఆ వరుసలోనే ఉంటాయి, లిస్టు పొడవు ఎప్పుడూ మారదు. స్థానమే అక్కడ అర్థం. అక్కడ కాడిడర్‌ను తీసేసి ఇంకేదో గొప్ప ఏర్పాటు చేస్తానంటే నేను ఒప్పుకోను. గొడవంతా స్థానానికి అర్థం గట్టిగా లేని చోటే.

గుంత ఎక్కడి నుంచి వచ్చింది

ఆ సర్వేలో నార్తింగ్, ఈస్టింగ్ టోటల్ స్టేషన్‌తో తీశారు. లెవెల్స్ మాత్రం ఆటో లెవెల్‌తో (ఎత్తులు మాత్రమే కొలిచే పరికరంతో) వేరే పట్టి, ఎక్సెల్‌లో ఎక్కించారు. కొన్ని పాయింట్లకు లెవెల్ పట్టలేదు, ఆ గడి ఖాళీగా వదిలారు. అంటే ఫైల్‌లో ఈస్టింగ్ తర్వాత రెండు కామాలు పక్కపక్కనే వచ్చాయి.

ఆటోలిస్ప్‌లో లైనును కామాల దగ్గర తెంపే తయారు ఫంక్షన్ లేదు. ఎవరికి వాళ్లు రాసుకుంటారు. ఈ రొటీన్‌లో ఉన్న తెంపుడు ఫంక్షన్ ఖాళీ ముక్క వస్తే దాన్ని లిస్టులో చేర్చకుండా వదిలేస్తోంది. దాంతో ఐదు అంశాల వరుస నాలుగైపోయింది, కోడ్ ఒక అడుగు ముందుకు జరిగి లెవెల్ స్థానంలో కూర్చుంది. (ఎన్త్ 3 వరుస) అంటే ఇప్పుడు 'శిఖం' అన్న మాట వస్తుంది. మాటను అంకెగా మార్చే ఏటాఫ్‌కు అంకె కాని మాట ఇస్తే అది గొడవ చేయదు, 0.0 ఇచ్చి ఊరుకుంటుంది. గుంతకు పుట్టుక ఇదే.

ఇంకో చోట లెవెలూ లేదు, కోడూ లేదు. అక్కడ వరుసలో మూడే అంశాలు మిగిలాయి. లిస్టు దాటి అడిగితే ఎన్త్ ఎర్రర్ ఇవ్వదు, నిల్ ఇస్తుంది. ఏటాఫ్‌కు నిల్ ఇస్తే మాత్రం అది ఊరుకోదు. కమాండ్ లైన్‌లో 'బ్యాడ్ ఆర్గ్యుమెంట్ టైప్: స్ట్రింగ్‌పీ నిల్' అని వచ్చి రొటీన్ ఆగిపోతుంది. ఆఫీసులో ఇది ముందే ఒకసారి జరిగిందట. ఫైల్‌లో చివరి లైన్లు 'చెడ్డవి' అనుకుని తీసేసి మళ్లీ నడిపారు. నడిచింది. ఆగిపోయిన రొటీన్ మంచిదే చేసింది. ఆగకుండా 0.0 రాసుకుంటూ పోయిందే నష్టం చేసింది.

నష్టం ఎంతో ఒక్క పాయింటుకు లెక్క వేసి చూడొచ్చు. సెక్షన్‌లో పాయింట్లు 5 మీటర్లకు ఒకటి ఉన్నాయి. 268 మీటర్ల లోతు, 10 మీటర్ల వెడల్పు ఉన్న త్రిభుజం 1,340 చదరపు మీటర్లు. సెక్షన్ల మధ్య 30 మీటర్లు, సగటు వైశాల్య పద్ధతిలో ఆ సెక్షన్ అటు సగం ఇటు సగం లెక్కకు వస్తుంది కాబట్టి 40,200 ఘనపు మీటర్లు. గుంత కాబట్టి ఇది తీయాల్సిన పూడికలోంచి తగ్గుతుంది. మొత్తం చెరువులో పూడిక తీసే బదులు మట్టి పోయాలన్నట్టు లెక్క తేలింది. అంత పెద్ద తేడా కనుక కంటికి దొరికింది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సార్ దాకా పోలేదు.

ఇలాంటి రొటీన్లలో ఇంకో చిట్కా తరచుగా కనిపిస్తుంది: కామాలను స్పేస్‌లుగా మార్చి, లైనుకు అటూ ఇటూ బ్రాకెట్లు తగిలించి, రీడ్ అనే ఫంక్షన్‌తో ఒకేసారి లిస్టుగా చదివించడం. ఒక్క లైనులో పని అయిపోతుంది కాబట్టి చాలామందికి ఇష్టం. అందులోనూ ఖాళీ గడి మాయమైపోతుంది, స్థానాలు ఇలాగే జరుగుతాయి. ఖాళీలు రాని ఫైల్ అని ఖాయంగా తెలిస్తే తప్ప దాన్ని వాడొద్దు.

కొలతలు సరిపోయి బొమ్మ తిరగబడితే

గుంత వెతుకుతూ పాత ప్రాజెక్టుల ఫైళ్లు కూడా తెరిచాం. ఒకటి పీఈఎన్‌జెడ్‌డీ వరుసలో ఉంది, వేరే చోట నుంచి అద్దెకు తెచ్చిన టోటల్ స్టేషన్‌ది. రొటీన్ మాత్రం రెండో గడి నార్తింగే అనుకుని నడిచింది. అయినా ఎవరూ పట్టుకోలేదు, ఎందుకంటే పూడిక లెక్క సరిగ్గానే వచ్చింది.

ఎందుకు వచ్చిందో చూడండి. ఎక్స్, వై తారుమారైతే బొమ్మ 45 డిగ్రీల గీత మీద అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. కట్ట మధ్య గీత కూడా అదే ఫైల్‌లోని కట్ట కోడ్ పాయింట్ల నుంచే తీశారు, అదీ తిరగబడింది. అద్దంలో దూరాలు మారవు. ఆఫ్‌సెట్లు (మధ్య గీత నుంచి పక్కకు దూరాలు), వైశాల్యాలు, ఘనపరిమాణం అన్నీ సరైనవే. మారింది ఎడమ, కుడి. చెరువు లోపలి వైపు ఉండాల్సిన పాయింట్లు ఆయకట్టు వైపు పడ్డాయి. క్వాంటిటీ సరిచూసి తృప్తి పడేవాళ్లకు ఇది ఎప్పటికీ దొరకదు. గూగుల్ మ్యాప్ పక్కన పెట్టి చూస్తే ఒక్క చూపులో దొరుకుతుంది.

దీనికి మన ప్రాంతంలో తేలికైన తనిఖీ ఒకటుంది. డీజీపీఎస్‌తో (కచ్చితత్వం పెంచిన జీపీఎస్‌తో) ఆధార బిందువులు తెచ్చి యూటీఎం అనే మ్యాప్ పద్ధతిలోని 44వ జోన్‌లో సర్వే చేస్తే, వరంగల్, ములుగు, జనగామ చుట్టుపక్కల ఈస్టింగ్ 3 లక్షల పైచిలుకు ఉంటుంది, నార్తింగ్ 20 లక్షలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆరంకెలది ఈస్టింగ్, ఏడంకెలది నార్తింగ్. రెండో గడి మూడో గడి కంటే చిన్నదైతే వరుస తిరగబడిందని రొటీనే చెప్పగలదు.

రెండో జబ్బు: టైము

ఇప్పుడు మొదటి ఎన్త్, అంటే (ఎన్త్ ఐ పాయింట్లు). ఆ చెరువు ఫైల్‌లో దాదాపు 12 వేల పాయింట్లున్నాయి. ఒక్కో పాయింటుకు లిస్టు మొదటి నుంచి నడక. 0 అడుగులు, 1 అడుగు, 2 అడుగులు... చివరిదానికి 11,999. అన్నీ కూడితే 7 కోట్ల 20 లక్షలకు దగ్గర. అదే 100 పాయింట్ల ఫైల్‌కు 4,950. ఫైల్ రెట్టింపైతే నడక నాలుగింతలు. చిన్న చెరువుకు కన్ను మూసి తెరిచేలోగా అయిన రొటీన్ పెద్ద చెరువుకు మొరాయించడానికి కారణం ఇదే. కంప్యూటర్ పాతదనో, ర్యామ్ చాలదనో అనుకోవడం మామూలే.

వైల్ షరతులో ఉన్న లెంగ్త్ ఇంకా దారుణం. లిస్టు పొడవు ఎక్కడా రాసి ఉండదు, లెక్కపెట్టాలి. చుట్టు తిరిగిన ప్రతిసారీ 12 వేలూ మళ్లీ లెక్కపెడుతుంది, 14 కోట్ల 40 లక్షలు. అపెండ్ సంగతి కూడా అంతే. చివర ఒక్క అంశం తగిలించడానికి అప్పటిదాకా పోగైన లిస్టు మొత్తాన్ని కాపీ చేస్తుంది. ఆరు లైన్ల కోడ్‌లో మూడు చోట్ల ఇదే వర్గం లెక్క, అంటే పాయింట్లు రెట్టింపైతే పని నాలుగింతలు. ఎన్త్ ఒక్కదాన్నే తీసి, లెంగ్త్‌ను వదిలేస్తే పెద్దగా తేడా తెలియదు. దాంతో 'లిస్ప్ అంటేనే స్లో' అని తీర్పు చెప్పేస్తారు.

మార్చింది ఇంతే:

(ఫోర్‌ఈచ్ వరుస పాయింట్లు
  (సెట్‌క్యూ ఫలితం (కాన్స్ (లెవెల్-తీయి వరుస) ఫలితం)))
(సెట్‌క్యూ ఫలితం (రివర్స్ ఫలితం))

లెవెల్-తీయి సంగతి కింద చెబుతాను. ఫోర్‌ఈచ్ లిస్టు వెంట ఒక్కసారే నడుస్తుంది. కాన్స్ ముందు వైపు తగిలిస్తుంది, దానికి కాపీ అక్కర్లేదు. తలకిందులైన లిస్టును చివర్లో రివర్స్ ఒక్కసారి సరిచేస్తుంది. ఐ అన్న లెక్క అసలు లేదు, కాబట్టి దాన్ని పెంచడం మరిచిపోయి ఆటోక్యాడ్ బిగుసుకుపోయే టెన్షన్ కూడా లేదు.

"మరి పక్క పాయింటు కావాలంటే? వైశాల్యానికి ఐ, ఐ ప్లస్ ఒకటి రెండూ కావాలె గద" అని కుర్రాడు అడిగాడు. సరైన ప్రశ్న. ఆ పాత రొటీన్‌లో ఒక్కో ముక్కకు నాలుగు ఎన్త్‌లు ఉన్నది కూడా అందుకే. లిస్ప్‌లో దీనికి జవాబు లిస్టునూ, దాని కుడర్‌నూ పక్కపక్కన నడిపించడం:

(అప్లై '+
  (మ్యాప్‌కార్
    '(ల్యామ్డా (ఏ బీ)
       (* 0.5 (+ (కాడర్ ఏ) (కాడర్ బీ))
          (- (కార్ బీ) (కార్ ఏ))))
    సెక్షన్ (కుడర్ సెక్షన్)))

సెక్షన్‌లో ఒక్కో అంశం ఆఫ్‌సెట్, లోతు అనే జంట. మొదటి లిస్టు మొదటి పాయింటు నుంచి, రెండోది రెండో పాయింటు నుంచి మొదలవుతుంది. మ్యాప్‌కార్ రెంటినీ జతలుగా తీసుకుంటూ పోయి, చిన్నది అయిపోగానే ఆగిపోతుంది. చివరి పాయింటుకు జత ఉండదు, దాని గురించి ఆలోచించే పనే లేదు. 'ఐ ప్లస్ ఒకటి లిస్టు దాటిందా' అన్న తనిఖీ రాయాల్సిన పనీ లేదు. లిస్ప్‌లో నాకు అన్నింటికంటే నచ్చిన ముక్క ఇదే. ఒకసారి చేతికి అలవాటైతే ఎల్-సెక్షన్ పొడవు, వాలు, కాంటూర్ మధ్య లెవెల్స్ అన్నీ ఇదే అచ్చులో పడతాయి.

మత్తడి మీద సమ లెవెల్స్

ఎన్నో అంశాన్ని తీయడం ఒక ఎత్తు, మార్చడం ఇంకో ఎత్తు. రీచెకింగ్‌లో మత్తడి మీది ఒక పాయింటు లెవెల్ తప్పని తేలింది. రొటీన్‌లో దిద్దుబాటుకు ఒక ఫంక్షన్ ఉంది: ఎన్త్‌తో పాత విలువ తీసి, సబ్‌స్ట్ పిలిచి ఆ స్థానంలో కొత్తది పెట్టడం. సబ్‌స్ట్‌కు స్థానం అంటే తెలియదు. పాత విలువతో సమానమైనవి ఎన్ని ఉంటే అన్నింటినీ మారుస్తుంది. మత్తడి కట్టడమే ఒకే లెవెల్‌లో కడతారు. ఆ పొడవునా ఉన్న లెవెల్స్‌లో సగానికి పైగా ఒకటే అంకె. ఒక పాయింటు దిద్దబోతే మత్తడి మొత్తం కిందికి దిగింది, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం) కూడా దాంతోపాటే.

లిస్ప్ కుటుంబంలోని ఇంకో భాష కామన్ లిస్ప్‌లో అయితే సెట్‌ఎఫ్, ఎన్త్ కలిపి ఆ గడిలోనే విలువ మార్చవచ్చు. ఆటోలిస్ప్‌లో ఆ వీలు లేదు, ఉన్న లిస్టును మార్చే పనిముట్లే లేవు. లెక్కపెట్టుకుంటూ కొత్త లిస్టు కట్టాలి:

(డీఫన్ స్థానంలో-పెట్టు (ఎన్ కొత్తది జాబితా / ఐ)
  (సెట్‌క్యూ ఐ -1)
  (మ్యాప్‌కార్
    '(ల్యామ్డా (ఎక్స్)
       (సెట్‌క్యూ ఐ (1+ ఐ))
       (ఇఫ్ (= ఐ ఎన్) కొత్తది ఎక్స్))
    జాబితా))

ఒక్క నడకలో పని అవుతుంది, పక్కవాటి జోలికి పోదు. నిజానికి దిద్దుబాటుకు స్థానం కంటే పాయింట్ నంబరే మంచి గుర్తు, ఆఫీసులో ఇప్పుడు అలాగే చేస్తున్నారు. ఫైల్‌లో మధ్యలో ఒక లైను తీసేస్తే స్థానాలన్నీ జరుగుతాయి, పాయింట్ నంబర్లు జరగవు.

వెతికే వైపు కూడా ఇలాంటిదే ఉంది. వీఎల్-పొజిషన్ ఒక విలువ ఎన్నో స్థానంలో ఉందో చెబుతుంది, కానీ మొదటిసారి కనబడిన చోటే. సమ లెవెల్స్ ఉన్న చోట దాన్ని నమ్ముకోకూడదు. వరుస పేర్చే వీఎల్-సార్ట్ అయితే సమానమైనవి లిస్టులోంచి తొలగిపోవచ్చని ఆటోడెస్క్ డాక్యుమెంటేషనే చెబుతోంది. ఆఫ్‌సెట్ల వారీగా పేర్చడానికి అందుకే వీఎల్-సార్ట్-ఐ వాడాం. అది అంశాలను కాకుండా వాటి స్థానాలను పేర్చి ఇస్తుంది, తర్వాత ఒక్కో స్థానానికి ఎన్త్ పిలవాలి. అవును, ఇంత తిట్టిన ఎన్త్‌నే. సెక్షన్‌లో పాతిక పాయింట్లకు మించి ఉండవు, అక్కడ వర్గం లెక్క వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు.

గడులకు పేర్లు

(ఎన్త్ 3 వరుస) అన్నది పాత రొటీన్‌లో చాలా చోట్ల చల్లి ఉంది. ఆ 3 అంటే లెవెల్ అని ఎక్కడా రాసి లేదు. దాన్నంతా తీసి ఒక్కచోట పెట్టాం. లెవెల్-తీయి, నార్తింగ్-తీయి, ఈస్టింగ్-తీయి, కోడ్-తీయి అని చిన్న ఫంక్షన్లు. ఫైల్ మారితే మార్చాల్సింది ఆ నాలుగే. అంతకంటే మంచిది, ఫైల్ మొదటి లైనులో గడుల పేర్లు ఉంటే వీఎల్-పొజిషన్‌తో 'ఎలివేషన్' ఎన్నో గడిలో ఉందో రొటీనే కనుక్కుంటుంది. అప్పుడు పీఎన్‌ఈజెడ్‌డీ వచ్చినా, పీఈఎన్‌జెడ్‌డీ వచ్చినా ఒకటే. ఇక్కడ ఒక చిన్న సంగతి. మొదటి గడిలోనే దొరికితే వీఎల్-పొజిషన్ 0 ఇస్తుంది, ఆటోలిస్ప్‌లో సున్నా అబద్ధం కాదు, నిల్ ఒక్కటే అబద్ధం. సీ అలవాటుతో 'సున్నా కంటే పెద్దదా' అని పరీక్ష పెడితే మొదటి గడి ఎప్పటికీ దొరకదు.

ఏటాఫ్ స్థానంలో డిస్టాఫ్ పెట్టాం. అంకె కాని మాట ఇస్తే అది 0.0 బదులు నిల్ ఇస్తుంది. నిల్ వస్తే ఆ లైనును పాయింట్ నంబరుతో సహా తెర మీద చూపించి పక్కన పెట్టడం, లెక్కలోకి తీసుకోకపోవడం. తెంపుడు ఫంక్షన్ ఖాళీ ముక్కను ఖాళీగానే లిస్టులో ఉంచుతుంది. వరుస పొడవు ఐదు కాకపోతే ఆ లైనును అసలు ముట్టుకోదు.

చైనేజ్ నుంచి సెక్షన్ తీసే చోట ఇంకో ఎన్త్ ఉంది. చైనేజ్‌ను 30తో భాగిస్తే సెక్షన్ స్థానం వస్తుందన్నది పాత ఆలోచన. చైనేజ్ దశాంశంలో ఉంటే 3.0 వస్తుంది, ఎన్త్ దాన్ని ఒప్పుకోదు, 'ఫిక్స్‌నంపీ' అని ఎర్రర్ ఇస్తుంది. ఫిక్స్ పెట్టి పూర్ణాంకం చేశారు. ఫిక్స్ సవరించదు, దశాంశాన్ని కోసేస్తుంది. 89.9999 అయితే 2 వస్తుంది, నాలుగో సెక్షన్ బదులు మూడోది. పైగా మధ్యలో తూము దగ్గర అదనంగా ఒక సెక్షన్ తీస్తే ఈ లెక్క మొత్తం చెడుతుంది. అందుకని సెక్షన్లను చైనేజ్ తాళంతో (వెతకడానికి గుర్తుగా) జంటల లిస్టు చేసి, తాళాన్ని బట్టి జంటను తీసే అసోక్‌తో తీస్తున్నాం. తాళం మీటర్లలో పూర్ణాంకమే, ఎందుకంటే అసోక్ దశాంశాలను కచ్చితంగా పోలుస్తుంది, పక్కన ఉంటే చాలదు.

ఆటోక్యాడ్ స్వయంగా చేసేదీ ఇదే. ఎంట్‌గెట్‌తో ఒక గీత సమాచారం అడిగితే వచ్చే లిస్టులో లేయర్ ఎన్నో స్థానంలో ఉందని ఎవరూ చూడరు, 8 అన్న కోడ్‌తో అసోక్ చేస్తారు. ప్రారంభ బిందువుకు 10. పాలీలైన్‌కు మాత్రం 10లు ఎన్ని శీర్షాలుంటే అన్ని ఉంటాయి, అసోక్ మొదటిదే ఇస్తుంది. కట్ట గీతలో మూడో శీర్షం కావాలంటే 10లన్నీ ఏరి లిస్టు చేసి, దాని మీద ఎన్త్ 2.

వేరే లిస్ప్‌లకు వెళ్లేవాళ్లకు

ఆ కుర్రాడు నిట్‌లో చదివే తన తమ్ముడికి ఇది చూపించాడు. వాళ్లు స్కీమ్ అనే లిస్ప్ భాష నేర్చుకుంటున్నారట, "ఇది మా దగ్గర వేరే ఉన్నది" అన్నాడట. నిజమే. స్కీమ్‌లో లిస్ట్-రెఫ్ అంటారు, లిస్టు ముందు, నంబరు వెనుక. లిస్టు దాటితే నిల్ ఇవ్వదు, ఎర్రర్ ఇస్తుంది. కామన్ లిస్ప్‌లో ఎన్త్ మన ఆటోలిస్ప్‌లాగే నంబరు ముందు, దాటితే నిల్. అక్కడే ఈఎల్‌టీ అని ఇంకోటి ఉంది, అది లిస్టు ముందు, నంబరు వెనుక, దాటితే మామూలుగా ఎర్రర్. ఫస్ట్ నుంచి టెన్త్ దాకా పేర్లతో ఫంక్షన్లూ ఉన్నాయి. అవి ఒకటి నుంచి లెక్క, అంటే ఫోర్త్ అన్నా ఎన్త్ 3 అన్నా ఒకటే. క్లోజర్ అనే ఇంకో లిస్ప్‌లో ఎన్త్ ఉంది గానీ లిస్టు ముందు రాయాలి, దాటితే ఎర్రర్, మూడో ఆర్గ్యుమెంట్‌గా 'దొరక్కపోతే ఇది ఇవ్వు' అని చెప్పవచ్చు. అక్కడ రోజూ వాడేది ఎక్కువగా వెక్టర్, దానికి ఈ నడక గోల లేదు. ఆటోలిస్ప్‌లో అలాంటిది కావాలంటే విజువల్ లిస్ప్ సేఫ్‌అరే ఒక్కటే దారి, దాన్ని వాడే తీరు చూస్తే లిస్టే నయం అనిపిస్తుంది.

నిల్ ఇచ్చి ఊరుకోవడం మంచిదా, ఎర్రర్ ఇవ్వడం మంచిదా అంటే, డ్రాయింగ్ పనికి నేను ఎర్రర్ వైపే ఉంటాను. ఆగిపోయిన రొటీన్‌ను ఎవరైనా ఫోన్ చేసి అడుగుతారు.

ప్రస్తుతానికి ఆ ఆఫీసులో రొటీన్ 12 వేల పాయింట్ల ఫైల్‌ను ఏ నసా లేకుండా తీసుకుంటోంది. లెవెల్ లేని పాయింట్ల జాబితా కూడా చివర్లో ఇస్తుంది, సర్వే పిల్లలు దాన్ని పట్టుకుని మళ్లీ లెవెలింగ్ స్టాఫ్ (కొలకర్ర) తీసుకెళ్తున్నారు. ఈస్టింగ్, నార్తింగ్ తనిఖీ మాత్రం సగమే పని చేస్తుంది. టీబీఎం (తాత్కాలిక బెంచ్ మార్క్) దగ్గర 5000, 5000 అని ఊహించుకుని మొదలుపెట్టిన సర్వేల్లో రెండు అంకెలూ ఒకే సైజులో ఉంటాయి, ఏది ఏదో అంకె చూసి చెప్పలేం. ఆ ఫైళ్లకు మొదటి లైనులో గడుల పేర్లు తప్పనిసరి చేశాం. పేర్లు లేని ఫైల్ ఇస్తే రొటీన్ వరుస ఏమిటని అడుగుతుంది, జవాబు కొట్టే దాకా ముందుకు పోదు.